శార్వరి వాన – మన తూర్పు చెరువులు

ఇంగ్లీషులో ‘లేక్ ఎఫెక్ట్ స్నో’ అని ఒక మాట ఉన్నది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లల నోట ప్రతి శీతకాలమూ వినబడుతూ ఉంటుంది. దీనికి తెలుగు మాట ఏదని ఒక మిత్రుడు అడిగితే ‘సరోవర హిమం’ అన్నాను. సమాసం సాధువే గాని, విన్నవాడికి అర్థం మాత్రం బోధపడదు. విషయం ఇది: కెనడా వైపునుండి వచ్చే అతిశీతలమైన గాలి, ఇంకా గడ్డకట్టని ఈరీ సరస్సు మీదుగా పొడవునా సాగేటప్పుడు, ఆ నీటి వెచ్చదనాన్నీ ఆవిరినీ పీల్చుకొని, అవతలి గట్టు చేరగానే మంచుగా కుమ్మరిస్తుంది. కుమ్మరించడం కూడా ఊరంతా సమంగా కాదు. సన్నని పట్టీలాగా ఒక దారిన పడుతుంది. ఊరికి ఒక కొసన ఎండ కాస్తుంటే, రెండో కొసన తలుపు తెరవడానికి వీలుండదు. 2022 నవంబరులో బఫెలో నగరానికి దక్షిణాన ఉన్న హాంబర్గ్, ఆర్చర్డ్ పార్క్ ప్రాంతాలలో నాలుగు రోజుల్లో 2 మీటర్లకు మించి మంచు పడింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మన తూర్పు హైదరాబాదే గుర్తుకు వచ్చింది. మనకు మంచు లేదు. అయితే చెరువులున్నాయి, ఒక కొసన తక్కువగా, ఒక కొసన విపరీతంగా కురిసిన వాన ఉన్నది, ఆ వాన తరువాత చెరువుల వల్ల మునిగిన ఊళ్ళున్నాయి. అక్కడి సరస్సు తుపానును పుట్టిస్తుంది. ఇక్కడి చెరువు తుపానును మింగడానికి పుట్టింది. మింగవలసిన చెరువుల నోళ్ళు మనమే మూసివేస్తే ఏమయిందో 2020 అక్టోబరులో చూశాము. ఆ సంగతి పత్రికల్లో నాలుగు రోజులు వచ్చి ఆగిపోయింది. చరిత్రగా ఎవరూ కూర్చి రాసినట్లు నా కంట పడలేదు. అందుకే ఈ టపా.

అది శార్వరి నామ సంవత్సరం. అధిక ఆశ్వయుజ బహుళ ఏకాదశి, మంగళవారం, అక్టోబరు 13. శార్వరి అంటే రాత్రి అని అర్థం. వాన ముదిరింది కూడా రాత్రివేళనే. పంచాంగకర్తలు ఈ పోలికను గమనించారో లేదో తెలియదు గాని, నాకైతే అప్పుడే తోచింది. బంగాళాఖాతంలో పుట్టిన తీవ్ర వాయుగుండం ఆ ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటింది. తీరం దాటిన వాయుగుండం లోపలికి వచ్చేకొద్దీ నీరసించడం రివాజు. ఇది నీరసిస్తూనే పడమరగా, వాయవ్యంగా తెలంగాణ నడిమధ్య నుండి సాగింది. సముద్రపు ఆవిరి దానితోపాటే వచ్చింది. మర్నాటి ఉదయం 8:30 దాకా గడచిన ఒక్క దినంలో ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్లు కురిసింది. హయత్‌నగర్ ప్రాంతంలో దాదాపు 30. మా అబ్దుల్లాపూర్‌మెట్‌లో కూడా 25 దాటింది. నగరానికి ప్రమాణంగా తీసుకునే బేగంపేట కేంద్రంలో 19. అక్టోబరు నెలలో ఒక్క రోజున అక్కడ అంత వాన 1903 తరువాత ఎన్నడూ పడలేదన్నారు. బేగంపేటకూ ఘట్‌కేసర్‌కూ దూరం చూస్తే ఎంతో లేదు, తేడా మాత్రం 13 సెంటీమీటర్లు. ఆ రాత్రి నగరానికి తూర్పు కొసన ఉన్నవారికే అసలు సెగ తగిలింది.

సెంటీమీటర్లంటే చాలామందికి మనసుకు పట్టవు. నేను బడిలో పిల్లలకు చెప్పిన పద్ధతిలోనే చెబుతాను. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. 30 సెంటీమీటర్లు పడితే 30 కోట్ల లీటర్లు. ఏడాది మొత్తానికి ఈ నగరంలో సగటున పడేదే 80 సెంటీమీటర్ల చిల్లర. అందులో మూడోవంతు పైచిలుకు ఒక్క రోజులో దిగింది. సామాన్యంగా ఒక సెంటీమీటరు వానకు పది సెంటీమీటర్ల మంచు అని లెక్కకడతారు. ఆ లెక్కన అదే నీరు మంచుగా దిగివుంటే హయత్‌నగర్‌లో పది అడుగుల ఎత్తున పేరుకునేది. బఫెలోవారి కష్టం మనకు పరాయిది కాదని చెప్పడానికే ఈ గణితం.

అంత నీటినీ ఈ నేల ఎలా భరించేది? దీనికి జవాబు పాతవాళ్ళ దగ్గర ఉన్నది.

మన తూర్పు ప్రాంతం బండరాళ్ళ నేల. నీరు ఇంకడం తక్కువ, జారడం ఎక్కువ. ఆ జారే నీటిని ఎక్కడికక్కడ ఆపడానికి పెద్దలు గొలుసుకట్టు చెరువులు కట్టారు. మిట్టన ఒక కుంట. అది నిండితే మత్తడి దుంకి, కాలువ వెంట కింది చెరువుకు. అదీ నిండితే ఇంకా కిందికి. చివరకు మూసీకి. హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట, కుంట్లూరు, అబ్దుల్లాపూర్‌మెట్ వైపు నీళ్ళు ఉత్తరానికి వాలి, గౌరెల్లి, బాచారం దగ్గర పారే మూసీని వెతుక్కుంటాయి. మీర్‌పేట, జిల్లెలగూడ, కర్మన్‌ఘాట్ వైపు నీళ్ళు సరూర్‌నగర్ చెరువుకు చేరి, అక్కడినుండి దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి పల్లపు వీధుల గుండా మూసీకి పోతాయి. ఊళ్ళ పేర్లు చూసినా ఈ సంగతి తెలుస్తుంది. కుంట్లూరు అన్న పేరులో కుంటలున్నాయి. కుంటల ఊరు కుంట్లూరు అయిందని నా వ్యుత్పత్తి, దీనికి వ్యాకరణమూ అడ్డు చెప్పదు. హయత్‌నగర్ కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం పేరున వెలసినది. ఆమెను జనం ‘మా సాహెబా’ అనేవారు. నగరం పడమట ఉన్న మాసబ్‌ట్యాంక్ ఆమె పేరున ఉన్న చెరువే. ఆ పేరులో మిగిలిన చెరువు ఇప్పుడు అక్కడ లేదు, దాని మీదుగా ఫ్లైఓవర్ పోతున్నది. సరూర్‌నగర్ చెరువు కూడా కుతుబ్‌షాహీల కాలపుదే. 17వ శతాబ్దపు తొలి రోజుల్లో వరి పొలాలకోసం కట్ట పోసిన చెరువు అది. నగరం ఇటువైపు పెరిగేదాకా ఆ నీరు శుభ్రంగానే ఉండేది.

ఈ గొలుసుకు కావలివాడు ఒకడుండేవాడు. నీరటి. ఏ తూము ఎన్ని గంటలు తీయాలో, ఏ మడికి ముందు పారాలో, మత్తడి మీద ఎన్ని జానల నీరు పోతే కట్టకు ప్రమాదమో అతనికి తెలుసు. వానరాత్రి కందిలి పట్టుకొని కట్టమీద తిరిగేవాడు. కట్టకు ఎక్కడైనా చెమ్మ ఊరితే, ఎలుక బొక్క కనబడితే, ఊరిని లేపేవాడు. కట్టకు చివర కట్టమైసమ్మ. చెరువు నిండితే ఆమెకు బోనం. నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడి తండ్రి నీరటి. ‘అలుగు’ అన్న మాటకు అర్థం పుస్తకంలో చూసి చెబుతున్న నన్ను ఆ పిల్లవాడు ఆపి, “సార్, మా నాయిన దాన్ని మత్తడి అంటడు, అలుగంటే ఎవ్వరికీ తెలువది” అన్నాడు. ఆ మాట నిజమే. ఈ నేల మాట మత్తడి.

ఇక ఆ రాత్రి. వాన పొద్దుగూకే వేళకు ముదిరింది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి ఇనాంగూడ వద్ద చెరువు పొంగి విజయవాడ జాతీయ రహదారి మీదికి వచ్చింది. ఆంధ్ర వైపు పోయే బస్సులు, లారీలు, కార్లు బారులు తీరి ఆగిపోయాయి. తూర్పున ఈ దారి, దక్షిణాన బెంగళూరు దారి – రెంటికీ ఒకే రోజున చెరువులే అడ్డం పడ్డాయి. శంషాబాదు దగ్గర గగన్‌పహాడ్‌లో అప్పచెరువు కట్ట తెగి బెంగళూరు రహదారిని కోసివేసింది, అక్కడ ప్రాణాలు పోయాయి. మన వైపున హయత్‌నగర్‌లో బాతుల చెరువు, వనస్థలిపురం వైపున కప్రాయి చెరువు, మీర్‌పేటలో మంత్రాల చెరువు పొంగి చుట్టుపట్ల కాలనీలలోకి వచ్చాయి. హరిహరపురం కాలనీలోనూ, మీర్‌పేట మిథిలానగర్‌లోనూ నీరు రోజుల తరబడి తీయలేదు. సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాంనగర్ మునిగింది. కోదండరాంనగర్‌కు అది కొత్త కాదు, ప్రతి పెద్ద వానకూ అక్కడివారు సామాను మంచాలమీదికి ఎక్కిస్తారు. ఈసారి మంచాలే తేలాయి.

మిగిలిన చెరువులైనా ఊపిరి పీల్చుకొనేలోగా, 17వ తేదీ రాత్రి మళ్ళీ కుండపోత. అప్పటికి చెరువులన్నీ నిండి ఉన్నాయి, నేల తడిసి ఉన్నది, కొత్త నీటికి ఎక్కడా చోటు లేదు. ఆ రాత్రే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. హాఫిజ్‌బాబానగర్ మునిగింది. మొదటి దెబ్బకు తట్టుకున్నది రెండో దెబ్బకు తెగడం చెరువు కట్టల స్వభావం. కట్టలో ఊరిన నీరు దానిని లోపలినుండే మెత్తబరుస్తుంది. నీరటి తిరిగే రోజుల్లో మొదటి వాన ఆగగానే చేసే మొదటి పని తూములెత్తి నీరు దించడం. 2020 నాటికి ఆ తూములలో ఎన్ని తెరుచుకొనే స్థితిలో ఉన్నాయి, తెరిచినా ఆ నీరు పోవడానికి కింద కాలువ మిగిలివున్నదా, అన్నది ప్రశ్న.

రాష్ట్రం మొత్తంలో 70 మంది చనిపోయినట్లు ప్రభుత్వం చెప్పింది. అందులో 33 మంది మహానగరంలోనివారు. నష్టం 5,000 కోట్ల రూపాయలని ప్రాథమిక అంచనా. ముంపు ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించారు. దానికోసం మీసేవ కేంద్రాల ముందు తెల్లవారకముందే బారులు తీరిన ఆడవాళ్ళను అందరమూ చూశాము. నగరపాలక ఎన్నికలు వచ్చిపడడంతో నవంబరులో ఆ పంపకమూ ఆగింది. ఇవన్నీ లెక్కలలోకి ఎక్కినవి. ఎక్కనివి వేరే ఉన్నాయి. అది కరోనా కాలం. బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుండి పిల్లల పాఠాలు దూరదర్శన్‌లోనూ ఫోనులోనూ సాగుతున్నవి. ఇంట్లోకి వచ్చిన నీరు ముందుగా టీవీని, కింద చార్జింగు పెట్టిన ఫోనును పట్టుకుపోయింది. అంటే ఆ ఇంటి పిల్లలకు రెండోసారి బడి మూతపడింది. నీరు తీసిన తరువాత ఒక వీధిలో నేను చూసిన దృశ్యం చెబుతాను. ప్రహరీ గోడల మీద, స్కూటర్ల సీట్ల మీద, బట్టలారేసే తీగల మీద కాగితాలు ఆరబెట్టారు. పదో తరగతి మెమోలు, ఇంటి రిజిస్ట్రేషను పత్రాలు, రేషను కార్డులు. సిరా చెదిరిన మెమో మీద మార్కులు వెతుక్కుంటున్న ఒక తల్లిని చూసి, నలభై ఏళ్ళు మార్కులు వేసిన నా చేతులు వణికాయి. దొంగ పట్టుకుపోతే ఫిర్యాదు ఇవ్వవచ్చు. చెరువు పట్టుకుపోతే ఎవరిమీద ఇవ్వాలి?

ఇక్కడ 112 ఏళ్ళు వెనక్కి పోవాలి. 2020 వాన సంగతి ఎత్తితే, ఎవరైనా 1908 మూసీ వరదను తలుచుకోకుండా ఉండరు. అయితే ఆ రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. ఎందుకో చెబుతాను.

కీలక నామ సంవత్సరం, 1908 సెప్టెంబరు 28, సోమవారం. శరన్నవరాత్రుల ఆరంభమూ, రంజాను మాసపు ఆరంభమూ ఒక్కసారే వచ్చిన రోజులవి. మూసీ పొంగి నగరంలోకి వచ్చింది. 15,000 మంది చనిపోయారని అంచనా. ఇండ్లు 19,000 దాకా కూలిపోయాయి, 80,000 మందికి గూడు లేకుండాపోయింది. అఫ్జల్, ముసల్లంజంగ్ వంతెనలు నిలవలేదు. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ నిలిచింది. అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టును పట్టుకొని 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉన్నది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకొని తానొక్కడు మిగిలాడు. తరువాత ఆయన రుబాయీలు రాసిన చేతికి ఆ నీటి తడి ఎన్నడూ ఆరలేదని చదివినవారికి తెలుసు. సరోజినీ నాయుడు వరద బాధితుల సేవలో పనిచేసింది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ తన భవనాల తలుపులు నిరాశ్రయులకు తెరిపించాడు.

మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన అప్పటికి బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలిన ఇంజినీరు. ఆయన చేసిన మొదటి పని, వాన లెక్కలూ చెరువుల లెక్కలూ తీయడం. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళాలు, 48 గంటలలో 18.9 అంగుళాలు కురిసినట్లు తేలింది. 12.8 అంగుళాలంటే 32 సెంటీమీటర్ల పైన. 2020లో ఘట్‌కేసర్‌లో పడిందీ 32 సెంటీమీటర్ల పైనే. అంటే, ఇంత వాన ఈ నేల మీద పడగలదని 1909 నాటికే కాగితం మీద ఉన్నది. ‘కనీవినీ ఎరుగని వాన’ అని 2020లో అన్నవారు కనలేదేమో గాని, వినడానికి మాత్రం అవకాశముండినది.

రెండో లెక్క ఇంకా ముఖ్యమైనది. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహకంలో 788 చెరువులున్నాయని, ఇంచుమించు చదరపు మైలుకొక చెరువని ఆయన లెక్కించాడు. వాటిలో 221 చెరువులు ఆ వానకు తెగిపోయాయి. పై చెరువు తెగితే దాని నీరు, తన నీరు రెండూ కింది చెరువు మీద పడతాయి. అదీ తెగితే మూడు చెరువుల నీరు నాలుగోదానిమీద. నగరాన్ని ముంచినది ఉత్త వాన కాదు, వరుసగా తెగిన చెరువుల వాన. గొలుసు రక్షణ ఎంతగా ఇస్తుందో, తెగితే ప్రమాదమూ అంతగా తెస్తుందని ఆ నివేదిక చదివిన ఎవరికైనా తెలుస్తుంది.

దానికి విశ్వేశ్వరయ్య చెప్పిన ఉపాయం నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు. మూసీమీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీమీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరానికి వరద రక్షణా, మంచినీళ్ళూ రెండూ అమిరాయి. గొప్ప పని, సందేహం లేదు. అయితే ఆ రెండూ నగరానికి పడమటనే ఉన్నాయి. వాటి కాపలా నదికి. తూర్పు వైపున హయత్‌నగర్, సరూర్‌నగర్, మీర్‌పేటల మీద పడే వాన ఆ జలాశయాల ముఖం కూడా చూడదు. ఇక్కడి నీరు ఇక్కడి చెరువులలోకే పోవాలి. అంటే తూర్పు హైదరాబాదుకు ఉస్మాన్‌సాగర్ ఏదైనా ఉంటే అది ఈ చిన్న చిన్న కుంటల గొలుసే. 1908 పాఠంలో నదిని గురించిన సగం మనం నేర్చుకున్నాము. చెరువుల గురించిన సగాన్ని నివేదికలోనే వదిలేశాము. అందుకే 1908నూ 2020నీ ఒకే గాటన కట్టవద్దంటున్నాను. అది నది వచ్చి ఊరిని ముంచడం. ఇది ఊరు పోయి చెరువులో కూర్చోవడం.

ఎలా కూర్చున్నది? చెరువులో నీరు తగ్గినప్పుడు బయటపడే నేలను శిఖం అంటారు. కొన్నిచోట్ల ఆ నేలకు పట్టాదారులు కూడా ఉన్నారు. నీరు లేనినాడు సాగు చేసుకోవచ్చు, నీరు వచ్చిననాడు వదులుకోవాలి. ఇది పాత ఒడంబడిక. నీటికి మొదటి హక్కు, మనిషికి రెండోది. పొలం ఉన్నంతకాలం ఈ ఒడంబడిక నడిచింది. నగరం వచ్చాక పొలం పోయి ప్లాటు వచ్చింది. ప్లాటుకు రెండో హక్కు అంటే ఒప్పదు. వరుసగా నాలుగైదు ఏళ్ళు వానలు తక్కువైతే చాలు, చెరువు అడుగున తెల్లని సున్నపు గీతలు వెలిశాయి. ఆ గీతల మధ్యనే ‘నగర్’, ‘పురం’, ‘కాలనీ’ బోర్డులు లేచాయి. ఆయకట్టు పోయింది గనుక తూముతో పని లేదు. తూముతో పని లేదు గనుక నీరటితో పని లేదు. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయింది. నీరటి పేరుకు మాత్రం మిగిలి, కాలక్రమాన గ్రామ రెవెన్యూ సహాయకులలో ఒకడుగా కలిసిపోయాడు. ఆఫీసులో ఫైళ్ళు మోసే అతనికి, తాను ఏ చెరువుకు నీరటియో చెప్పమని అడిగినవారు లేరు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉన్నది. ముంపు వచ్చినప్పుడల్లా, “చెరువులో ఇల్లు కట్టుకుంటే మునగదా” అని పెదవి విరిచే పెద్దమనుషులు బయలుదేరుతారు. మెట్ట మీద అపార్టుమెంటులో ఉండేవారికి ఆ మాట సులువు. ఆ ఇల్లు కట్టుకున్నవారెవరు? నల్లగొండ నుండి, మహబూబ్‌నగర్ నుండి వచ్చిన చిన్న ఉద్యోగులు, ఆటో నడిపేవారు, మిషను కుట్టేవారు, నావంటి బడిపంతుళ్ళు. పదవీ విరమణ డబ్బు, కూతురి పెళ్ళికి దాచిన బంగారం, ఊళ్ళో అమ్మిన ఎకరం – అన్నీ కలిపి 100 గజాలు కొన్నారు. కొన్నప్పుడు రిజిస్ట్రేషను అయింది. కరెంటు మీటరు వచ్చింది. ఇంటిపన్ను రసీదు వచ్చింది. ఇన్ని ముద్రలు వేసిన చేతులలో ఒక్కటైనా ‘ఇది చెరువు’ అని రాయలేదు. 2012 నాటి నియమాల ప్రకారం పది హెక్టార్లకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుండి 30 మీటర్లు, అంతకన్న చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. మంచి నియమమే. కాని ఆ గీత నేలమీద కనబడదు, పటం మీద ఉంటుంది. పటం ఆఫీసులో ఉంటుంది. అమ్మినవాడికి గీత తెలుసు. కొన్నవాడికి వానాకాలం వచ్చినప్పుడే తెలిసింది. బఫెలోలో మంచు పట్టీ ఏ దారిన పడుతుందో గాలి దిక్కును బట్టి చెబుతారట. మన నీరు ఏ దారిన పోతుందో చెప్పడానికి గాలితో కూడా పని లేదు, వాలు తెలిస్తే చాలు. ఆ వాలును అమ్మకం కాగితంలో ఎవరూ రాయలేదు.

2020 తరువాత పనులు జరగలేదని అనను. 2021 నుండి నాలాల అభివృద్ధి పథకం కింద కొన్ని వరద కాలువలు వెడల్పు చేశారు, కొన్నిచోట్ల పెట్టె కాలువలు కట్టారు. దానితో కొన్ని కాలనీలలో నీరు మునుపటికన్న త్వరగా తీస్తున్నది. 2024 జులైలో చెరువుల రక్షణకని హైడ్రా వచ్చింది. దానితో ఒకవైపు ఆశ, ఒకవైపు భయం. కూల్చే యంత్రం వచ్చిన రోజున పెద్ద ఆక్రమణదారుడి కాగితాలు కోర్టులో ఉంటాయి, చిన్న ఇంటివాడి గిన్నెలు వీధిలో ఉంటాయి. చెరువు గీత నిలబడాలని కోరేవారిలో నేనూ ఒకణ్ణి. ముద్రలు వేసినవారి నుండి కూడా జవాబు రాబట్టనిదే ఆ గీతకు న్యాయం జరగదని కూడా నా అభిప్రాయం.

2025 సెప్టెంబరు చివర రెండు సంగతులు ఒకే వారంలో జరిగాయి. ఎగువన జలాశయాల గేట్లెత్తడంతో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషను ఆవరణలోకి వచ్చింది. ఆ రోజుల్లోనే, పూడిపోయి ముళ్ళపొదలూ చెత్తా నిండిన అంబర్‌పేట బతుకమ్మ కుంటను మళ్ళీ తవ్వి, నీటితో నింపి, ఆడవాళ్ళ బతుకమ్మలకు అప్పగించారు. కొన్ని అడుగులు తవ్వగానే అక్కడ నీరు ఊరింది. ఆ కుంటకు తన చోటు గుర్తున్నది.

మూడేళ్ళుగా నేను ఒక పని పెట్టుకున్నాను. హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపట్ల పాతవాళ్ళను కలిసి చెరువు మాటలు రాసుకుంటున్నాను. మత్తడి, తూము, కట్ట, శిఖం, ఆయకట్టు అందరికీ తెలిసినవే. ఏ చెరువు మత్తడి ఏ దిక్కుకు దుంకేది, ఆ నీరు ఎవరి పొలం గట్టు మీదుగా ఏ కుంటకు చేరేది అన్నది మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో ముక్కే తెలుసు. మొన్న ఎనభై దాటిన ఒక పెద్దాయన, ఇప్పుడు ఫంక్షన్‌హాలు ఉన్నచోట చేయి చూపి, “ఇదే తొవ్వ, నీళ్ళ తొవ్వ” అన్నాడు. రాసుకున్నాను. మత్తడిని రాయలసీమలో మరవ అంటారు, నెల్లూరు వైపు కలుజు అంటారు. మీ ఊరిలో ఏమంటారో, అది ఏ దిక్కుకు పారేదో, తెలిసినవారు వ్యాఖ్యలలో రాయండి. ఊరి పేరు కూడా తప్పకుండా రాయండి.